తెర మీద ఏముంది, వదినా?

మొన్న పాస్‌బుక్కులో నా పేరు తప్పు పడితే దిద్దించుకుందామని బ్యాంకుకి వెళ్ళాను. కౌంటరు దగ్గర కుర్రాడు పుస్తకం చేతిలోకి తీసుకున్నాడో లేదో, కరెంటు అలా పోయి ఇలా వచ్చింది. అతని కంప్యూటరు లేవబోయి, లేవలేక, పొడుగ్గా ఒక కూత, వెనకే పొట్టిగా రెండు కూతలు కూసి ఊరుకుంది. "సిస్టం మొరాయిస్తోందండీ, కాసేపు అలా కూర్చోండమ్మా," అన్నాడు. కూర్చున్నాను గానీ నా చెవి మాత్రం అక్కడే ఉండిపోయింది. పొడుగు ఒకటి, పొట్టి రెండు. అంటే తెరకి బొమ్మ పంపే కార్డు దగ్గర ఏదో తేడా. ఈ మాట పైకి అనలేదు లెండి. డెబ్బై దాటిన మనిషిని, ఒళ్ళో కూరగాయల సంచీ, అందులోంచి తోటకూర కాడలు తొంగిచూస్తున్నాయి. నేను గనక ఆ మాట అంటే ఆ కుర్రాడు కంప్యూటరుని వదిలేసి నా గురించి కంగారు పడేవాడు. ఆ కూతల భాష నాకు నేర్పింది మా మరిది.

మాది రామచంద్రపురంలో బట్టల కొట్టు. నేను కాపురానికి వచ్చేటప్పటికి మా మరిది ఏడో తరగతి చదువుతున్నాడు. పీలగా, పెద్ద పెద్ద చెవులతో, ఎప్పుడూ ఏదో ఒకటి విప్పుతూ ఉండేవాడు. పదో తరగతికి వచ్చేసరికి సుగరని తేలింది. అప్పటినుంచి రోజూ పొద్దున్నే పాలగిన్నె పక్క పొయ్యి మీద గాజు సిరంజి మరగబెట్టడం నా పనైపోయింది. ఏ పేరంటం నుంచి మిఠాయి పళ్ళెం వచ్చినా మా అత్తగారు దాన్ని పైట చాటున వంటింట్లోకి చేరవేసేవారు. "నువ్వు దాస్తేనే కదమ్మా నాకు తెలిసేది!" అని నవ్వేవాడు. కాకినాడలో ఇంజినీరింగు చదివి, మద్రాసులో ఒక కంప్యూటర్ల కంపెనీలో మరమ్మతులు చూసే ఇంజినీరుగా చేరాడు. కొన్నేళ్ళకి మన వైపు పంచదార ఫ్యాక్టరీలకీ, కాలేజీలకీ, పెద్ద మిల్లుల ఆఫీసులకీ ఆ యంత్రాలు రావడం మొదలైంది. ఎవరో ఒకరు ఇక్కడే ఉండాలని కంపెనీవాళ్ళు అతన్నే పంపారు. ఎనభైల నడిమి మాట ఇది.

మా వీధిగది అతని ఆఫీసైంది. పొడుగాటి బల్ల, దాని మీద కంపెనీ ఇచ్చిన యంత్రం, టీవీలాంటి తెర, కీబోర్డు, ప్రింటరు. ఇదంతా కలిపి వర్క్‌స్టేషన్ అంటారని చెప్పాడు. మా అత్తగారు గుమ్మంలోనే నిలబడి, "స్టేషనేంట్రా? రైలొస్తుందా, పోలీసులొస్తారా?" అని అడిగారు. అయినా ఆ దసరాకి కొట్టులో తక్కెడకీ కత్తెరకీ బొట్టు పెట్టినట్టే దానికీ బొట్టు పెట్టి, రెండు బంతిపూలు ఉంచి, అక్షింతలు వేశారు. మర్నాడు అది లేవగానే తెర మీద మూడు వందల ఒకటి అని చూపించి ఆగిపోయింది. కీబోర్డు తిప్పి కొడితే పసుపు బియ్యపు గింజలు జలజలా రాలాయి. "కీబోర్డులో తేడా ఉంటే ఈ అంకె చూపిస్తుందమ్మా. నీ ఆశీర్వాదం మీటల కింద ఇరుక్కుంది," అన్నాడు మా మరిది. అత్తగారు నొచ్చుకోలేదు. తన అక్షింతలకి కూడా ఒక నంబరుందని నెలరోజులు అందరికీ చెప్పుకున్నారు.

అతను పని చేస్తుంటే చూడ్డానికి బాగుండేది. ముందు స్విచ్చి వేసి, కళ్ళు మూసుకుని వినేవాడు. ఫ్యాను తిరుగుతోందా, డిస్కు ఊపిరి తీస్తున్నట్టు సన్నగా లేస్తోందా, చివర్లో ఒక్క పొట్టి కూత వచ్చిందా. ఆ ఒక్క కూతా వస్తే లోపల అంతా క్షేమమని అర్థం. లేకపోతే మూత విప్పి కార్డులు ఒక్కొక్కటే తీసి, వాటి అంచున బంగారు రంగు గీతల్ని పిల్లల రబ్బరుతో సుతారంగా రుద్ది, మళ్ళీ గుచ్చేవాడు. "మన గాలిలో తడెక్కువ వదినా, లోహం తొందరగా పచ్చబడిపోతుంది," అనేవాడు. సగం జబ్బులు ఆ రబ్బరుకే నయమయ్యేవి. మిల్లుల నుంచి వచ్చిన పెట్టెల్లో గుప్పెడేసి ఊకదుమ్ము ఉండేది. ఒకదాంట్లో బల్లి గుడ్లు కూడా ఉన్నాయి. అది చూసినప్పటినుంచి ఆ గది తుడవడానికి పనిమనిషి రాలేదు, నేనే తుడిచేదాన్ని.

ఆ రోజుల్లో అతనికి సంబంధాలు చూస్తుండేవాళ్ళం. వచ్చినవన్నీ ఏదో వంక పెట్టి తిప్పి పంపేవాడు. అత్తగారికి కోపం, మా ఆయనకి విసుగు. స్కూటరు మీద తిరిగేవాడు కాస్తా బస్సెక్కడం మొదలుపెట్టాడు. పళ్ళెంలో ఉప్పు ఏ వైపు వేశానో అడిగేవాడు. ధ్యాసంతా పనిలోనే ఉంటుంది కదా అనుకున్నాం.

ఒక మధ్యాహ్నం మండపేట వైపు నుంచి ఒక మిల్లు మేనేజరుగారు తమ యంత్రాన్ని దుప్పటిలో చుట్టి, కారు వెనక సీట్లో పడుకోబెట్టి తెచ్చారు. మా మరిది విప్పి, రుద్ది, చిప్పుల్ని బొటనవేలితో నొక్కి, అంతా బిగించి స్విచ్చి వేశాడు. నేను కాఫీలు పట్టుకెళ్ళేసరికి ఆ పొట్టి కూత వినిపించింది. మా మరిది తెరకేసి చెయ్యి చాపి, "చూశారాండీ, అక్షరాలు ఎంత శుభ్రంగా వస్తున్నాయో," అన్నాడు. తెర నల్లగా ఉంది. ఒక్క అక్షరం లేదు. మేనేజరుగారు తెరని చూసి, అతని మొహం చూసి, నా వైపు చూశారు. ఏం తోచిందో ఏమో, "అయ్యో, తుడుస్తూ నేనే ఆ బిళ్ళ తిప్పేసినట్టున్నానండీ," అంటూ కాఫీ పళ్ళెం బల్ల మీద పెట్టి, తెర కింద వెలుగు పెంచే బిళ్ళని తిప్పాను. ఆకుపచ్చ అక్షరాలు మెల్లిగా పైకి తేలాయి. మేనేజరుగారు "ఓహో, అదా!" అని నవ్వేశారు. మా మరిది నవ్వలేదు. స్క్రూడ్రైవరు పట్టుకున్న చెయ్యి అలాగే గాలిలో ఉండిపోయింది.

కారు వెళ్ళిపోయాక తలుపు దగ్గరికి వేసి అడిగాను. "ఎప్పటినుంచి?"

"ఎడమకన్ను పోయి చాలా నాళ్ళైంది వదినా. కుడికంట్లో పొగమంచు. ఎండలో అయితే మనుషులు కనిపిస్తారు. అక్షరాలు కనపడవు."

"చెప్పొద్దా నాయనా మాకు?"

"చెప్తే ఏం చేస్తారు? అమ్మ ఏడుస్తుంది. అన్నయ్య కొట్టు మూసుకుని నన్ను ఊళ్ళు తిప్పుతాడు. నాకు చేతనైన పని ఇదొక్కటే. ఇది కూడా లేకపోతే పొద్దున్నే ఎందుకు లేవాలి?" అన్నాడు. తర్వాత చాలా నెమ్మదిగా, "ఒక పిల్లని తెచ్చి ఆమె చేత నా చెయ్యి పట్టించుకుని నడవమంటారా?" అన్నాడు. సంబంధాలన్నీ ఎందుకు తిరిగిపోయాయో అప్పుడు తెలిసింది.

అన్నయ్యకి చెప్పొద్దని బతిమాలాడు. చెప్పకుండా ఎలా ఉంటాను? ఆ సాయంత్రమే చెప్పాను. అతను అన్నట్టే అత్తగారు ఏడ్చారు, మా ఆయన కొట్టు మూశారు. మద్రాసు తీసుకెళితే పెద్ద డాక్టరు కంట్లోకి దీపం వేసి చాలాసేపు చూసి, సుగరు వల్ల లోపల నెత్తురు నాళాలు చిట్లిపోయాయనీ, ముందే రావాల్సిందనీ అన్నారు. కుడికంటికి లేజరు వేశారు. అది మిగిల్చింది వెలుగునీ నీడనీ మాత్రమే. తిరిగొచ్చాక కంపెనీకి తనే విషయం చెప్పాడు. వాళ్ళు మర్యాదగానే ఉద్యోగం నుంచి తప్పించి, ఇంకొకర్ని వేశారు. బల్ల మీది యంత్రాన్ని ఒక వ్యాను వచ్చి పట్టుకుపోయింది. ఆ రోజు మా అత్తగారు బల్ల మీద ఖాళీ అయిన చోట చెయ్యి వేసి చాలాసేపు నిలబడ్డారు.

అయినా అలవాటుపడ్డ మిల్లులవాళ్ళు తమ పెట్టెలు తెరలతో సహా మా ఇంటికే తెచ్చేవారు. అప్పుడు పిలిచేవాడు, "తెర మీద ఏముంది, వదినా?" అని. నేను చదివింది ఎనిమిదో తరగతి. అంకెలు చదివేదాన్ని గానీ ఇంగ్లీషు మాటలు కూడబలుక్కోవాలి. ఒకసారి తెర మీద ఏదో వస్తే, చూసి చూసి, "పరిటి అంటోంది బాబూ" అన్నాను. పొట్ట పట్టుకుని నవ్వాడు. "అది పారిటీ వదినా! మెమరీ లెక్క తప్పిందని చెప్పుకుంటోంది. పరిటి ఎవరి ఇంటిపేరు?" కంటిచూపు పోయాక అతను అలా నవ్వడం అదే మొదలు. తర్వాత్తర్వాత ఏది ఏ కార్డో చేతికి అందించడం, యంత్రాన్ని పరీక్షించే ఫ్లాపీ పెట్టడం, లేస్తూ అది తెర మీద మెమరీని ఆరు వందల నలభై దాకా లెక్కపెట్టుకుంటోందో లేదో చూడడం, రెండు వందల ఒకటి అంటే మెమరీ అనీ, పదిహేడు వందల ఒకటి అంటే డిస్కు అనీ గుర్తుపట్టడం అలవాటైంది. మధ్యలో పప్పు మాడేది. మా ఆయన మాడిన పప్పే తిని కొట్టుకి వెళ్ళేవారు, ఒక్క మాట అనేవారు కాదు.

రెండేళ్ళు గడవక ముందే కాళ్ళకి నీరు పట్టింది. మూత్రపిండాలు పోతున్నాయన్నారు. కాకినాడ ఆసుపత్రిలో పెట్టాం. అప్పటికి ఒక కాలేజీవాళ్ళ యంత్రం మా ఇంట్లో విప్పి ఉండిపోయింది. పరీక్షల ఫలితాలు అందులోనే ఉన్నాయట, వాళ్ళు రోజూ మనిషిని పంపుతున్నారు. బట్టలు తెద్దామని ఇంటికి వచ్చినరోజు ఒక్కదాన్నే ఆ బల్ల ముందు కూర్చున్నాను. కార్డులు రుద్దాను. చిప్పులు నొక్కాను. స్విచ్చి వేసి, అతనిలాగే కళ్ళు మూసుకున్నాను.

ఆసుపత్రికి వెళ్ళి మంచం పక్కన కూర్చుంటే, నా గాజుల చప్పుడు విని, "కాలేజీవాళ్ళు మళ్ళీ వచ్చారా?" అన్నాడు.

"వచ్చి పట్టుకెళ్ళారు. బాగైంది."

"ఎవరు చేశారు?"

"నేనే."

"కూత?"

"ఒక్కటే. పొట్టిది."

"మెమరీ ఎంతవరకు లెక్కపెట్టింది?"

"ఆరు వందల నలభై."

"పూర్తిగా?"

"పూర్తిగా నాయనా. నిదానంగా, ఆగకుండా."

అతని మొహం విచ్చుకుంది. "అయితే ఇంక నాతో పనిలేదు మీకు," అన్నాడు. నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. "ఆ మాటలు నా దగ్గర కాదు, మీ అమ్మ దగ్గర అను, చెప్పు తీసుకుంటుంది," అన్నాను. అదే మేం మాట్లాడుకున్న ఆఖరి సంగతి. ఆ మర్నాటికి తెలివి తప్పింది. మార్గశిరమాసంలో, ఇంకా ఎండెక్కని పొద్దుటిపూట పోయాడు.

తర్వాత కూడా ఒకరిద్దరు యంత్రాలు తెచ్చారు. చెయ్యగలననే కూర్చున్నాను. అంకె కనపడగానే అలవాటు కొద్దీ పైకి చదివేదాన్ని. చదివి, ఆగి, జవాబు కోసం చూసేదాన్ని. ఆ ఆగడం భరించలేక మానేశాను. మా ఆయన ఆ వీధిగదిని కొట్టు సరుకుతో నింపేశారు. మా అత్తగారు మటుకు బతికున్నన్నాళ్ళూ అందులోకి వెళ్ళే ముందు గుమ్మంలో ఒక్క క్షణం ఆగి, లోపల అతనున్నట్టే దగ్గేవారు.

అతనికి నేను ఏడేళ్ళే పెద్ద. ఇప్పుడు నా కొడుకు కూడా అతని వయసు దాటిపోయి, జుట్టుకి రంగు వేసుకుంటున్నాడు. ముప్పై మూడు దగ్గర ఆగిపోయిన ఆ మనిషి ఏడాదికేడాది నాకు ఇంకా చిన్నవాడైపోతున్నాడు. మరిదిని కన్నబిడ్డని చేసి, ఇప్పుడు మనవడిని కూడా చేస్తోంది కాలం.