కిడ్నీలకు కాపలా కాసిన ఓబులమ్మత్త

కొళాయిలో నీళ్ళు వచ్చేముందు గాలి బుస్సుమంటుంది. ఆ చప్పుడు వింటే చాలు, నాకు ఇప్పటికీ ఓబులమ్మత్త గొంతు వినిపిస్తుంది. "మేష్ట్రూ, నీళ్ళు తాగినావా?"

ధర్మవరంలో మా పక్కిల్లు ఆమెది. పట్టుచీరలు నేసే ఇల్లు. మగ్గం చప్పుడును మించిన గొంతు ఆమెది. ఎనభైల చివర్లో, నేను బడిపంతులుగా ఉన్నప్పుడు, నాకు రక్తం జబ్బు చేసింది. దూరాన ఒక పెద్దాసుపత్రిలో మా అక్క ఎముకల మూలుగ తీసి నాకు ఎక్కించారు. అది నా ఒంట్లో కుదురుకోవడానికి ఇచ్చే మందు కిడ్నీలను దెబ్బతీయవచ్చట. అందుకని నీళ్ళు బాగా తాగాలి. అప్పుడప్పుడు రోజంతా పోసిన మూత్రాన్ని క్యానులో పట్టి అనంతపురం తీసుకుపోవాలి, అక్కడ రక్తం కూడా ఇవ్వాలి. కొళాయి ఎప్పుడొస్తుందో తెలియని ఊళ్ళో నాకీ వైద్యం! అమ్మకు మోకాళ్ళ నొప్పులు కాబట్టి నాకు తోడు అత్తే బయలుదేరింది.

బస్సులో క్యానుకు తువ్వాలు చుట్టి ఒళ్ళో పెట్టుకున్నాను. కండక్టరుకు అనుమానమొచ్చింది.

"ఏమప్పా, దాంట్లో ఏముండాది? కిరసనాయిలైతే దిగు."

నేను నీళ్ళు నమిలాను. అత్త నమల్లేదు. "కిరసనాయిలు కాదు నాయనా, మా మేష్ట్రు ఉచ్చ. డాక్టరు తెమ్మన్నాడు. మూత తీసి చూపియ్యల్నా?"

మా సీట్లో మూడో మనిషి లేచి నిలబడ్డాడు. అత్త హాయిగా కాళ్ళు చాపుకుంది. "సిగ్గెందుకు మేష్ట్రూ? చోటు దొరికె గదా!"

ఆసారి ఫలితం బాగాలేదు. రక్తంలో క్రియాటినిన్ పెరిగింది, కిడ్నీలు అలిసిపోతున్నాయి అన్నాడు డాక్టరు. మందు తగ్గించాడు. ఇంకా నీళ్ళు తాగమన్నాడు. తిరుగు బస్సులో అత్త నోరు విప్పలేదు. నాకు అసలు భయం అప్పుడు పట్టుకుంది.

మర్నాడు పొద్దున్నే అత్త బిందెతో వచ్చింది. మనవళ్ళ స్నానాలు మాన్పించి తెచ్చిన నీళ్ళవి.

"నాకు దప్పిక లేదత్తా."

"నీ దప్పిక ఎవురడిగినారు? నీ కిడ్నీలకు తాగు!"

నా కిడ్నీల సంగతి వీధంతటికీ చెప్పింది. భోంచేశావా అని అడిగేవాళ్ళంతా "మేష్ట్రూ, ఈ పొద్దు ఉచ్చ బాగా వచ్చిందా?" అని పలకరించసాగారు. పిల్లలు వినేలా, బడి గేటు దగ్గర కూడా!

తర్వాతి పరీక్షలో క్రియాటినిన్ దిగింది. అత్త ల్యాబు అరుగు మీద కూలబడి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "ఇన్ని నీళ్ళు తాగి తగ్గకపోయింటే నిన్ను తంతాంటిని."

ఆమె పోయి చాలా ఏళ్ళయింది. సిగ్గుపడి జబ్బు ముదరబెట్టుకున్నవాళ్ళను ఆ తర్వాత ఎందరినో చూశాను. నాకు మాత్రం ఒంటి సంగతి చెప్పడానికి చాటు అక్కర్లేదు, గొంతు తగ్గించడం అసలే రాదు. అందుకే పెళ్ళి భోజనాల్లో మా ఆవిడ నా పక్కన కూర్చోదు.