మావయ్య కారులో పాముల లైటు

టెక్కలి హైవే పక్కన ఒక కార్ల వర్క్‌షాపులో నేను చేరిన కొత్త రోజులు తలచుకుంటే, ఇప్పటికీ నాలో నేనే నవ్వుకుంటాను. డిప్లొమా పూర్తయి ఎన్నాళ్ళో కాలేదు. జేబు మీద పేరు కుట్టిన నీలం చొక్కా వేసుకుని నిలబడితే జిల్లాలో కార్లన్నీ నా కోసమే పాడవుతున్నట్టుండేది. ఇంట్లో మిక్సీ ఆగిపోయినా అమ్మ నన్నే పిలిచేది, నేను కూడా ఇంజనులాగే చెవిపెట్టి వినేవాణ్ణి. (మిక్సీ బాగుపడలేదు, అది వేరే సంగతి.) అలాంటి నన్ను ఒక్క కారు, అదీ సొంత చుట్టాల కారు, నిద్రలో కూడా ఉలిక్కిపడేలా చేసింది.

ఆ కారు మావయ్యది. మా అమ్మకు వరసకు తమ్ముడు. ఉద్దానంలో, సముద్రపు గాలి తగిలేంత దగ్గరలో, జీడి తోటలు, కొబ్బరి తోటలు ఉన్నాయి. చుట్టాలంతా ఆయన్ని చాటుగా ‘అనుమానాల మావ’ అనేవారు. పెళ్ళి భోజనానికి వెళితే చెప్పులు రెండూ చెరో మూల విడిచేవాడు, దొంగకు జత దొరక్కూడదని. భోజనమయ్యాక ఆయనకే దొరక్క, పందిరంతా వెతుక్కుంటూ ఒంటి చెప్పుతో తిరిగేవాడు. ఇసక దారుల్లో తోటలకు వెళ్ళడానికి పనికొస్తుందని, నాలుగు చక్రాలూ లాగే పెద్ద కారు ఒకటి సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాడు. సర్వీసుకు మా వర్క్‌షాపుకే తెచ్చాడు. మేనల్లుడున్నాడన్న నమ్మకంతో కాదు, ఏదైనా తేడా వస్తే పట్టుకోవడానికి ఒక మనిషి దొరుకుతాడని.

తేడా రానే వచ్చింది. సర్వీసయ్యి ఇంటికి వెళ్ళిన కొద్ది రోజులకే స్టీరింగు ముందు పసుపుపచ్చ లైటు వెలిగింది. కారు వెనక రెండు పాములు మెలికలు తిరుగుతున్నట్టుండే బొమ్మ అది. చక్రాలు జారకుండా చూసే ఏర్పాటు పని మానేసిందని దాని అర్థం. అది మానేస్తే, వెనక చక్రాలకు బలం అందించే ఏర్పాటు కూడా దానికి తోడుగా మానేస్తుంది. అప్పుడు అంత పెద్ద కారూ ముందు చక్రాలతోనే ఈడ్చుకుంటూ పోవాలి.

“సర్వీసుకి ముందు లేని పాములు, సర్వీసయ్యాక ఎలగొచ్చినాయి అల్లుడూ? లోపల ఏటి మార్సీసినారు?” అన్నాడు మావయ్య, కారు దిగకుండానే.

స్కానర్ పెట్టి చూస్తే వెనక కుడి చక్రం వేగం చెప్పే సెన్సర్ నుంచి సమాచారం రావడం లేదని తేలింది. ప్రతి చక్రానికీ అలాంటిది ఒకటి ఉంటుంది. అందులో ఒక్కటి నోరు మూసుకున్నా కారులోని కంప్యూటర్ మిగతా మూడింటినీ నమ్మదు. (అదీ మావయ్య లాంటిదే.) దులిపి, తుడిచి, లైటు ఆర్పి పంపించాను. మళ్ళీ వెలిగింది. ఈసారి కొత్త సెన్సరే వేశాను. నేను కారు కింద ఉన్నంతసేపూ మావయ్య పక్కనే ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, వంగి నా చేతుల్నే చూస్తూ కూర్చున్నాడు. పాత సెన్సర్‌ని కాగితంలో చుట్టి తన జేబులో పెట్టుకుని వెళ్ళాడు. వారం తిరక్కుండా పాములు మళ్ళీ వచ్చాయి.

ఇక నాకూ అనుమానం అంటుకుంది. మొదట నౌపడ ఉప్పుమడుల మీది గాలిని అనుమానించాను. తరవాత కారు అమ్మినవాణ్ణి, ఏ వరదలోనో ముంచి తీసి అంటగట్టాడేమోనని. తరవాత ఎలకల్ని. చివరికి మా సీనియర్ మెకానిక్‌ని కూడా, నన్ను నవ్వులపాలు చేయడానికి తీగలు వదులు చేస్తున్నాడేమోనని. ఆయన టీ తాగడానికి లేస్తే నేనూ లేచి వెనకాలే వెళ్ళేవాణ్ణి. నాకు టీ మీద మమకారం పెరిగిందనుకుని పాపం ఆయనే డబ్బులిచ్చేవాడు.

ఎలకల సంగతి తేల్చుకుందామని ఒకరోజు మావయ్య ఇంటికే వెళ్ళాను. ఆయన తోటలో ఉన్నాడు, కారు ఇంటి దగ్గరే ఉంది. అత్త నన్ను పెరట్లోకి పిలిచింది. ఆవిడది ఇచ్ఛాపురం, కోపమొస్తే ముందు ఒడియా వస్తుంది, తెలుగు దాని వెనకాల వస్తుంది. ఆ రోజు ఒడియాయే చాలాసేపు వచ్చింది. చివరికి తెలుగులో, గొంతు తగ్గించి, “మీ మావ వేళ్ళకి గోళ్ళరంగు అంటుకునుంటంది బాబూ. నానేమో ఎయ్యను. మరి అది ఎవుల్దంతావు?” అంది. పలాసలో ఫ్యాన్సీ షాపాయన కూడా, మొన్న మీవారు తీసుకెళ్ళిన గులాబీ రంగు నచ్చిందా అని ఆవిణ్ణే అడిగాడట. పుట్టింటికి వెళ్ళిపోవడానికి సంచి సర్దేసుకుని ఉంది. కారు తరచూ బాగుచేయించడం కూడా ఒక వంకేనని, ఆ వంకతో ఎక్కడికి పోతున్నాడో కనిపెట్టమని నాకు అప్పగించింది.

కారు డాష్‌బోర్డు అర తెరిచి చూశాను. జేబురుమాల్లో చుట్టిన గులాబీరంగు సీసా ఉంది, సగం ఖాళీ. గబుక్కున మూసేశాను. అప్పటినుంచి మావయ్య వర్క్‌షాపుకు వస్తే నా చూపు ఆయన వేళ్ళ మీదే ఉండేది. నేను చేతులు చూస్తున్నానని గమనించి, ఉంగరం మీద కన్నేశాననుకుని ఆయన దాన్ని తీసి లోపలి జేబులో దాచుకున్నాడు.

మరోసారి లైటు ఆర్పాక, ఈసారి ఇసకలో నడిపి చూస్తే గాని నమ్మనన్నాడు మావయ్య. సంతబొమ్మాళి వైపు జాలరి పేట దగ్గర తీరానికి బయల్దేరాం. సముద్రం చూసి చాన్నాళ్ళయిందని అత్త కూడా ఎక్కింది. (ఆవిడ చూడదలుచుకున్నది సముద్రాన్ని కాదని నాకొక్కడికే తెలుసు.) మధ్యాహ్నం ఎండలో, సరిగ్గా మెత్తటి ఇసకలోకి దిగాక, పాములు వెలిగాయి. ముందు చక్రాలు గిరగిరా తిరిగి గొయ్యి తవ్వుకున్నాయి, వెనకవి చలించలేదు. నీళ్ళు పోటెక్కుతున్నాయి, ఒక్కో అల ఇంకాస్త దగ్గరికి వస్తోంది. అత్త దిగిపోయి, ఇచ్ఛాపురం బస్సు ఎక్కడాగుతుందని ఒక జాలరిని అడుగుతోంది.

నేను వెనక చక్రం పక్కన బోర్లా పడుకుని, సెన్సర్ తీగ కారు తీగతో కలిసే చోట ప్లగ్గు ఊడదీశాను. ఇంతకాలం దాన్ని పైపైన తుడిచానే గాని లోపలికి తొంగి చూడలేదు. ఎండ పడి లోపల గులాబీరంగు తళుక్కుమంది. తలతిప్పి చూస్తే స్ప్రింగు మీదొక చుక్క, బ్రేకు మీదొక చుక్క, కనబడ్డ ప్రతి నట్టు మీదా ఒక చుక్క.

“మావా, ఇదేటి?”

ఆయన అలల వైపూ నా వైపూ చూసి, “గుర్తు,” అన్నాడు. మేం సామాన్లు మార్చేస్తామేమోనని సర్వీసుకి ముందే పెట్టాడట. “బయటెడితే మీరూ అలాటి సుక్కే ఎట్టీగలరు గదా. అందుకే లోపలెట్టినాను.” కొత్త సెన్సర్‌కీ ఇంటికెళ్ళగానే పెట్టాడట. ఆ రంగు ఆరి, రాగి ముక్కల మధ్య పొరలా అడ్డుపడి, కుదుపు వచ్చినప్పుడల్లా మాట తెంపేస్తోంది.

అత్త ఎప్పుడొచ్చిందో వెనకే నిలబడి ఉంది. అంతా వింది. నవ్వుతుందో తిడుతుందో తెలియక, కారు తోయడానికి వచ్చిన జాలర్లు కూడా కారు మీద చేతులు వేసి అలాగే ఆగిపోయారు.

“నామీద కూడా ఎక్కడైనా ఎట్టినావేటి, గుర్తు?” అంది.

మావయ్య మోకాళ్ళ ఇసక దులుపుకుంటూ, తలెత్తకుండా, “నిన్నెవుడు మార్సగల్డే,” అన్నాడు.

అత్త పైట పిన్నీసు తీసి నా చేతికిచ్చింది. దాంతో రంగంతా గీకి ప్లగ్గు బిగించాను. జాలర్లు చక్రాల కింద కొబ్బరి మట్టలు తోసి, భుజాలు ఆనించారు. వెనక చక్రాలు పట్టు దొరికించుకున్నాయి, కారు ఒక్క ఊపున గట్టి నేల మీదికొచ్చింది. పాములు మాయమయ్యాయి, మళ్ళీ రాలేదు.

తిరుగు దారిలో అత్త ముందు సీట్లో కూర్చుంది. ఇద్దరూ ఒక్క మాటా మాట్లాడుకోలేదు. ఇంకా కోపం చల్లారలేదు కాబోలని నాకు భయం వేసింది. కాపురం నిలబెట్టే భారం నా మీదే ఉందనుకుని, వెనక సీట్లోంచి ఇద్దరి మధ్యకీ తల దూర్చి, ఆ ప్లగ్గు ఎలా పనిచేస్తుందో, రంగు ఎందుకు అడ్డుపడుతుందో, ఇందులో మావయ్య తప్పు ఎంత తక్కువో ఊరొచ్చేదాకా విడమరిచి చెప్పాను. పాపం, ఇద్దరిలో ఎవరూ నన్ను ఆపలేదు. నాకూ పెళ్ళయి కొన్నేళ్ళయింది. ఇప్పుడు ఆ సీట్లో నన్ను కూర్చోబెడితే, కిటికీ వైపు తిరిగి, నిద్రపోయినట్టు కళ్ళు మూసుకుంటాను.