ఎడమంటే జరగమని కాదు

పక్కింటి అక్కయ్యగారు పోయారని సోమవారం పొద్దున సైకిలు తాళం తీస్తుండగా తెలిసింది. వాళ్ళాయన చెప్పుల్లేకుండా గడ్డిలో నిలబడి, "మీ అక్కయ్య నిద్రలోంచి లేవలేదయ్యా" అన్నారు. నేను మొదట గడియారం చూశాను. రాయడానికి సిగ్గుగానే ఉంది, కానీ చూశాను.

సంగతేమిటంటే, ఈ మధ్య నాకు ఫిట్స్ వచ్చి లైసెన్సు ఆపేశారు. మా ఆవిడకి డ్రైవింగ్ రాదు. ల్యాబ్‌లో మిషన్ల ముందు నిలబడే పని, ఇంట్లో కూర్చుని చేసేది కాదు. లీవులన్నీ ఆసుపత్రి తినేసింది. ఇంకొక్క రోజు రాకపోతే తానేమీ చేయలేనని మేనేజర్ చెప్పేశాడు. ఉద్యోగం పోతే వీసాకి అరవై రోజులు, ఈలోగా ఇంకోటి దొరక్కపోతే దేశం వదిలి పోవాలి. యాభై మూడేళ్ళవాడికి అరవై రోజుల్లో ఇంకో ఉద్యోగం ఎవరిస్తారు?

మేముండే ఈ డేవిస్ ఊళ్ళో పసిపిల్లల నుంచి ప్రొఫెసర్ల దాకా అందరిదీ సైకిలే. డెబ్బై దాటిన అక్కయ్యగారిదీ అంతే. తన పాతది నాకిచ్చారు. ఊదారంగు లేడీస్ సైకిలు.

"దీనిమీద నన్ను చూస్తే నవ్వుతారండీ."

"నవ్వనీ. రెండు నిమిషాల్లో దాటిపోతారు. నీ మొహం ఎవరికి గుర్తుంటుంది?"

మొదటిరోజే వెనకనుంచి ఎవరో "ఆన్ యువర్ లెఫ్ట్!" అని కేకేశారు. మా ఊరి బళ్ళో డ్రిల్లు మాస్టారు లెఫ్ట్ అన్నాక ఎడమకి తిరగకపోతే వీపు పగిలేది. బుద్ధిగా ఎడమకి తిరిగాను. ఆయనా నేనూ కలిసి పొదలో తేలాం. ఆయన నాకు సారీ చెప్పాడు, నేను ఆయనకి చెప్పాను. పొదకి ఎవరూ చెప్పలేదు.

నా వెనకే వస్తున్న అక్కయ్యగారు దిగారు. "ఏమయ్యా, ఎడమంటే ఎడమకి పోతావా?"

"జరగమన్నాడు కదండీ!"

"జరగమని కాదు. నీ ఎడమపక్కనుంచి నేను పోతున్నా, నీ దారిలో నువ్వుండు అని. పడితే తప్పులేదు. బెదిరి జరిగితేనే తప్పు."

రెండు వారాలు ల్యాబ్ గేటు దాకా నా వెనకే వచ్చారు. నా ప్యాంటు చైన్‌లో పడకుండా తన జడ రబ్బరుబ్యాండు తీసి నా కాలికి వేసేవారు. ఉడత అడ్డొచ్చినా బెల్లు కొట్టేవారు. "రోడ్డు దానిది కూడా కదయ్యా!"

ఒకరోజు గేటు దగ్గర ఆగిపోయి, "భయంగా ఉందండీ. సైకిలంటే కాదు" అన్నాను. ఆవిడ నవ్వలేదు. "తెలుసు. లోపలికెళ్ళు" అన్నారు.

అంత్యక్రియలు బుధవారం పన్నెండింటికి. అయినవాళ్ళు పోతే ఇచ్చే లీవు అడిగాను. ఆవిడ నీకేమవుతారన్నాడు మేనేజర్. ఫారంలో తల్లి, తండ్రి, భార్య, తోబుట్టువులు ఉన్నారు. పక్కింటివాళ్ళకి గడి లేదు. అక్క అని రాద్దామని పెన్ను పెట్టాను. వీసా మీద బతికేవాడు అబద్ధం రాయడానికి కూడా భయపడతాడు. పక్కిల్లని రాశాను. కుదరదన్నాడు.

లంచ్ బ్రేక్ అరగంట. వానలో తొక్కాను. వెళ్ళడానికి పన్నెండు నిమిషాలు, రావడానికి పన్నెండు. మిగిలినవి ఆరు. అంత్యక్రియలు జరిగే హాలు గుమ్మం దాకా వెళ్ళాను. లోపల మంత్రాలు వినిపిస్తున్నాయి. తడిబట్టలతో అంతమందిని దాటి, ఆవిడ దగ్గరికి వెళ్ళి, దణ్ణం పెట్టి రావాలి. ఆరు నిమిషాల్లో అయ్యే పని కాదు. చెప్పులు విప్పకుండానే వెనక్కి తిరిగాను.

పార్కింగ్‌లో కార్లు నాలుగో ఐదో. కంచె పొడుగునా సైకిళ్ళు. తడవకుండా సీట్లకి తొడిగిన ప్లాస్టిక్ కవర్లు గాలికి ఉబ్బుతున్నాయి, అణుగుతున్నాయి, మళ్ళీ ఉబ్బుతున్నాయి.