గళ్ళు లేని కాగితం

నిడదవోలులో మా నాన్నగారిది పటాల కొట్టు. చనిపోయినవాళ్ళ చిన్న ఫోటో తెచ్చిస్తే, అది చూసి పెద్ద బొమ్మ వేసి ఫ్రేము కట్టి ఇస్తారు. ఫోటో మీద గళ్ళు, కాగితం మీద గళ్ళు. అక్కడ గడిలో ఏముందో ఇక్కడ గడిలోకి దింపడమే. ఆధార్ కార్డులో సగం మూతపడ్డ కళ్ళు తెరిపించడం, బుగ్గల గుంటలు పూడ్చడం మా ఇంటి విద్య. పదో తరగతికే నాకు వచ్చేసింది. రాజమండ్రిలో యూనివర్సిటీకి వెళ్ళి బొమ్మల కోర్సులో చేరేనాటికి, ఇంక నేర్చుకునేదేముందిలే అనుకున్నాను. ఆ పొగరుకి తగిన శాస్తే జరిగింది.

మొదటి ఏడాదంతా డ్రాయింగే. రంగు ముట్టుకోనివ్వరు. అది పాసైతేనే రెండో ఏడాది. నేను ఒకసారి తప్పాను, ఇంకోసారి తప్పితే కోర్సులోంచి పేరు తీసేస్తారు. డ్రాయింగ్ చెప్పే మేడమ్ ఒక ప్లాస్టిక్ కుర్చీ పెట్టి చూసి వేయమనేవారు. కుర్చీ కేసి చూసి కాగితం కేసి తిరిగేసరికి, చూసిందంతా జారిపోయేది. మనిషైతే మరీ కష్టం. ఊపిరి పీలుస్తాడు, కదులుతాడు, ఏ గడిలోనూ నిలవడు. నాకున్న పనితనంలో సగం కూడా లేని పిల్లలు పక్కన చకచకా వేసుకుపోతుంటే కుళ్ళుకునేవాణ్ణి. ఇంటికొస్తే నాన్నగారు కొట్టుకి వచ్చినవాళ్ళతో "మావాడికేంటండి, పుట్టుకతోనే వచ్చు" అంటుండేవారు. ఆ మాట వింటే ఎటైనా పారిపోవాలనిపించేది.

ఆఖరి పరీక్షలో మూడు రోజులపాటు ఒకే మనిషిని వేయాలి. పొద్దున చేపలమ్ముకుని, మధ్యాహ్నం మాకోసం వచ్చి కూర్చునే మామ్మగారు ఆవిడ. మొదటి రోజంతా కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకున్నాను. టీకి లేచినప్పుడు సెల్లుతో ఆవిడ ఫోటో తీసి, ఇంటికెళ్ళి గళ్ళు కొట్టి దింపేశాను. రెండో రోజు ఆ కాగితమే పెట్టుకుని, పైపైన పెన్సిలాడిస్తూ కూర్చున్నాను.

విరామంలో మామ్మగారు అందరి బొమ్మలూ చూస్తూ నా దగ్గర ఆగింది.

"ఇదేంటి బాబూ, దండ వేసే పటంలా ఉంది. నేనింకా ఉన్నాను గదా," అంది.

ఆ మాటకి మేడమ్ వచ్చారు. బొమ్మలో మోకాలి దగ్గర, చెరిపినా పోని గడి గీత మీద వేలు పెట్టారు. "ఇది ఆవిణ్ణి చూసి వేసింది కాదు. రేపు ఫోను నా బల్ల మీద పెట్టి, కొత్త కాగితం తీసుకో," అన్నారు.

మూడో రోజు కూర్చోబోయే ముందు మామ్మగారు మెల్లగా నా దగ్గరికొచ్చింది.

"నిన్నటి బొమ్మ పారేశావా బాబూ?"

"లేదండి."

"నాకిచ్చెయ్యి. నాకు మంచి ఫోటో అంటూ లేదు. రేపు నేను పోతే పిల్లలకి పనికొస్తుంది. మెళ్ళో రెండు పేటల గొలుసొకటి వెయ్యి. ఎప్పుడూ వేసుకోలేదు."

సరేనన్నాను. ఆవిడ వెళ్ళి కూర్చుంది. ఎదురుగా మెడ, మెడ మీద నరాలు, ఒక నల్లతాడు. చూశాను, గీశాను, చెరిపాను. కాగితం నూగు లేచిపోయింది. రెండు గంటల్లో ఒక భుజం కుదిరింది, అదీ వంకరగా. ఇంకా అరగంట ఉంది. ఆ అరగంటలో రెండో భుజమైనా వేయచ్చు. కానీ ఆవిడ బస్సుకి టైమవుతోంది. నిన్నటి బొమ్మ తీసి గొలుసు వేయడం మొదలుపెట్టాను.

తలెత్తి చూడాల్సిన పని లేకపోయింది. లంకె తర్వాత లంకె, రెండు పేటలూ ఒక్క తప్పు లేకుండా వచ్చేశాయి. చెయ్యి ఆపుదామన్నా ఆగలేదు. మామ్మగారు ఆ బొమ్మని చుట్టి, కొంగులో పెట్టుకుని, "చెయ్యి మంచిది బాబూ నీది," అని వెళ్ళిపోయింది.

మేడమ్ చెయ్యి చాపారు. ఒక్క భుజమే ఉన్న కాగితం మీద నా పేరు రాసి ఇచ్చాను.