చెత్త బండికి బిగించిన డబ్బా

వనపర్తి పాతబజారు వెనకాల ఒక గల్లీ ఉంది. మొదట్లో కాస్త వెడల్పు, లోపలికి పోయేకొద్దీ ఇరుకు. మా చెత్త ఆటో అందులో దూరదు. నా మొగుడు ఆ ఆటో మీద పని చేసినన్నాళ్లూ బండి గల్లీ బయటే ఆగేది. ఆయన గంప పట్టుకుని ఇంటింటికీ నడిచేవాడు. ఆయన పోయాక కాంట్రాక్టరు ఆ పని నాకిచ్చాడు. నేనూ అట్లాగే నడుస్తున్నాను. ఇది పోతే నాకు ఇంకో ఆధారం లేదు.

మొన్న ఎండాకాలంలో బండ్లన్నిటికీ నల్ల డబ్బాలు బిగించారు. లోపల ఫోనులో ఉన్నట్టే సిమ్ము ఉంటుందట. బండి ఎక్కడ తిరుగుతోందో అది ఆఫీసుకు చెబుతూనే ఉంటుంది. ఆఫీసులో గోడకు పెద్ద తెర పెట్టారు. ఊళ్లోని గల్లీలన్నీ గీతల్లా కనిపిస్తాయి. బండి లోపలికి పోయిన గల్లీ పచ్చగా మారుతుంది, పోనిది ఎర్రగా ఉండిపోతుంది. డబ్బా బండికి ఉంది, నా కాళ్లకు లేదు.

కాంట్రాక్టరు సూపర్‌వైజరు నన్ను ఆ తెర ముందు నిలబెట్టాడు.

"రోజు ఎర్రగనే ఉంటుంది. గీ గల్లీకి ఎందుకు పోతలేవు?"

"పోతున్న సారూ. గంప పట్టుకొని పోతున్న. ఇండ్లల్ల అడుగు."

"ఇండ్లల్ల అడిగేటట్టుంటే తెర ఎందుకు పెట్టినం? పచ్చగ కాకపోతే నిన్ను బండి మీదికెళ్లి దింపుత."

ఒళ్లు మండింది. ఆ గల్లీలో ఒక ముసలమ్మ ఉంది. మంచం పట్టిన మొగుడి మైల గుడ్డలు మూటగట్టి రోజూ నా గంపలో వేస్తుంది. నేను ఒక్క పూట పోకపోతే ఆ ఇంట్లో మనిషి కూర్చోలేడు. ఆ వాసన తెరకు తెలుస్తుందా?

మా డ్రైవర్ పిల్లలు గలవాడు, భయపడ్డాడు. "అక్కా, ఒక్కసారి లోపలికి తోల్త. పచ్చగైతది, మన పీడ పోతది" అన్నాడు. వద్దన్నాను. వినలేదు. నాలుగిళ్లు దాటాడో లేదో, బండి రెండు గోడల మధ్య ఇరుక్కుంది. ముసలమ్మ ఇంటి అరుగు మూల పగిలింది. దిగడానికి జాగా లేక డ్రైవర్ లోపలే ఉండిపోయాడు.

ముసలమ్మ బయటికి వచ్చి చూసింది. "ఏం కొడుకా, మా ఇంట్లనే కాపురం పెడ్తవా?"

గల్లీ వాళ్లంతా కలిసి బండిని వెనక్కి గుంజుతుండగానే సూపర్‌వైజరు ఫోను చేశాడు. తిడతాడనుకున్నాం.

"ఇయ్యాల పచ్చగైంది. గట్లుండాలె" అన్నాడు.

నా మొగుడు చచ్చిననాడు దేవుడి మీద కూడా నాకు అంత కోపం రాలేదు.

మర్నాడు బండిని బయటే ఆపించి గంప దించుకున్నాను. ఫోను మోగింది. డ్రైవర్ ఎత్తి, ముఖం మాడ్చుకుని నాకిచ్చాడు.

"బండి ఎందుకు ఆగింది?" సూపర్‌వైజరే.

"గల్లీ ఇరుకు సారూ."

"నిన్న పోయింది గద."

"పోయి ముసల్దాని అరుగు ఇరగ్గొట్టింది. ఇయ్యాల నేను పోతున్న. చెత్త ఎత్తేది నేను, నీ డబ్బా కాదు."

"ఎర్రగ ఉంటే రేపటి సంది పనికి రాకు."

"గా మాట ఆడ కూసోని చెప్పకు. ఈడికొచ్చి, గీ ముసల్దాని ముంగట నిలబడి నన్ను దింపు."

ఫోను డ్రైవర్ చేతిలో పెట్టేశాను. అది ఇంకా మాట్లాడుతూనే ఉంది. నేను గల్లీలోకి పోయాను.

అతను రాలేదు, నేను బండి దిగలేదు. పొద్దున బండి ఎక్కేటప్పుడల్లా ఇవాళే తీసేస్తాడేమో అనుకుంటాను. ఆ గల్లీ తెర మీద ఇంకా ఎర్రగానే ఉందట. ఉండనీ.