ఇంటర్వ్యూ అని చెప్పిన మధ్యాహ్నం

అమెరికా సైన్యంలో పనిచేసి చాండ్లర్‌లోని మా చెల్లెలింటికి తిరిగి వచ్చాక మా మేనల్లుడికి నిద్ర కరువైంది. వెనక తలుపు చప్పుడైతే చాలు, గోడకు అంటుకుపోయేవాడు. మాజీ సైనికుల ఆసుపత్రిలో మానసిక వైద్యం కోసం నెలల తరబడి ఎదురుచూశాడు. ఇంటి నుంచే వీడియోలో డాక్టర్‌తో మాట్లాడే వీలు వచ్చాక, ఎవరో వదులుకున్న అపాయింట్‌మెంట్ ఒక శనివారం మధ్యాహ్నానికి దొరికింది.

"వన్ టైమ్ ట్రై చేస్తా మామయ్యా. పని చేయకపోతే ఇంక నన్ను అడగొద్దు," అన్నాడు.

ఆ రోజే ఇంట్లో సత్యనారాయణ వ్రతం. హాలు నిండా జనం. అబ్బాయేడని ఎవరో అడిగితే మా చెల్లెలు తడుముకోకుండా, "వాడికి గదిలో వీడియో ఇంటర్వ్యూ ఉందండీ," అంది.

ఇక్కడి మనవాళ్ళకు ఆ మాట చాలు. పిల్లల్ని పెరట్లోకి పంపారు. కుక్కర్ కట్టేశారు. పంతులుగారు గొంతు తగ్గించి కథ చదవసాగారు.

కాసేపటికి గదిలోంచి వెక్కిళ్ళ లాంటి శబ్దం వచ్చింది. చెల్లెలు నా వైపు చూసింది.

"తడబడుతున్నట్టున్నాడు. పక్కన కూర్చుని ఆన్సర్లు అందిస్తా," అంటూ ఒక పెద్దమనిషి లేచాడు. ఎందరినో అలా ఇంటర్వ్యూలు గట్టెక్కించిన మనిషి.

"వద్దు అన్నయ్యగారూ!" అని ఆమె పీట మీద నుంచి లేచేలోపే తలుపు తీశాడు.

కుర్చీ పడిపోయింది. మేనల్లుడు గోడకు ఆనుకుని పిడికిలి ఎత్తి ఉన్నాడు. ఎదురుగా ఉన్నదెవరో గుర్తుపట్టడానికి కాస్త సమయం పట్టింది. పిడికిలి దించి, కార్ తాళాలు తీసుకుని వీధి తలుపు వైపు నడిచాడు. చెల్లెలు అడ్డం నిలబడింది.

"ఐయామ్ డన్, అమ్మా. తప్పుకో."

"ఇంటర్వ్యూ కాదండీ," అంది ఆమె, కొడుకునే చూస్తూ, అందరికీ వినబడేలా. "వీడికి నిద్ర లేదు. డాక్టర్‌తో మాట్లాడుతున్నాడు. నేనే అబద్ధం చెప్పాను."

గదిలోంచి పెద్దమనిషి గొంతు వచ్చింది. "డాక్టరమ్మ కాల్ కట్ చేయలేదు నాన్నా. నీ కోసమే చూస్తోంది."

మేనల్లుడు హాలంతా కలియజూశాడు. "మీరందరూ విన్నారా? నేను ఏడవడం?"

"విన్నాంలేరా," అన్నాడు వెనక నుంచి ఒకాయన. "లేఆఫ్ అయిన రోజు నేను ఇంతకన్నా గట్టిగా ఏడ్చా. మీ ఆంటీనడుగు."

ఎవరూ నవ్వలేదు. మేనల్లుడు తాళాలు తల్లి చేతిలో పెట్టి గదిలోకి వెళ్ళాడు. పెద్దమనిషి బయటికి వచ్చి, చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి వేశాడు.

పంతులుగారు కథ అందుకున్నారు. గంట కొట్టాల్సిన చోట, దాని నాలుకను రెండు వేళ్ళతో పట్టుకుని ఊపారు.