వెనక వరండాలో ఎగ్‌నాగ్

మా ఊళ్ళో వెర్నా ప్రూయిట్ చేతి ఎగ్‌నాగ్ రుచి తెలియనివాళ్ళెవరైనా ఉంటే, వాళ్ళు నిన్నగాక మొన్న కాపురానికి వచ్చినవాళ్ళై ఉండాలి. ఇరవై ఆరేళ్ళుగా టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో కూర్చుని, కెంటకీలోని ఈ మూలనంతా ఒకరితో ఒకరిని మాట్లాడించిన మనిషి ఆవిడ. పెళ్ళి చేసుకోలేదు. తల్లి పోయాక తమ్ముడు హోబర్ట్‌ని తనే పెంచి పెద్ద చేసింది. ఊరి గుట్టంతా ఆవిడ చెవుల్లో ఉన్నా పెదవి దాటేది కాదు, అందుకు జనం గౌరవించేవాళ్ళు. ప్రేమగా పలకరించడానికి మాత్రం ఏడాదికోసారే వచ్చేవాళ్ళు. అది క్రిస్మస్ ముందురోజు మధ్యాహ్నం, మూడు గంటలకి.

క్రిస్మస్‌కి తాగే ఆ ఎగ్‌నాగ్ చేయడం అందరికీ వచ్చు. వెర్నాలా చేయాలంటే ఓపిక కావాలి. నవంబరులో టర్కీకోడి వండుకునే థాంక్స్‌గివింగ్ పండుగ వెళ్ళిన మర్నాడే ఆవిడ మొదలుపెట్టేది. రెండు డజన్ల గుడ్ల పచ్చసొనలో పంచదార వేసి, చెయ్యి పీకేదాకా గిలక్కొట్టేది. ఆ తర్వాత బోర్బన్ విస్కీ. గబుక్కున ఒంపితే సొన విరిగిపోతుంది. అందుకని ఒక చేత్తో చుక్కచుక్కగా వదులుతూ ఇంకో చేత్తో కలుపుతూ ఉంటే, సీసా ఖాళీ కావడానికి గంట పట్టేది. పొయ్యి మీద పెట్టకుండానే విస్కీ ఆ సొనని ఉడికించేస్తుందని వాళ్ళ నాన్న చెప్పేవాడు. దాన్ని జాడీకెత్తి నేలమాళిగ చల్లదనంలో నెల్లాళ్ళు ఉంచితే ఘాటు చచ్చి మెత్తబడేది. పండుగ నాడు మీగడ, కొత్త గుడ్ల తెల్లసొన నురుగు కలిపి, పైన జాజికాయ గీరేది.

ఆ ఏడు, అంటే యాభై ఏడులో, జాడీ మాళిగలోకి దిగి పదిరోజులైనా కాలేదు, హోబర్ట్ భార్య ఐలీన్ వచ్చింది. వంటింట్లో కూర్చుంది గానీ కోటు విప్పలేదు.

"వదినా, ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి."

"అడక్కుండానే అనుకోవద్దంటే ఎలా. చెప్పు."

"ఈసారి ఎగ్‌నాగ్ వద్దు. మందు లేకుండా, తాగడానికి పల్చగా పాల కస్టర్డ్ కాయండి. మీ తమ్ముడు చుక్క ముట్టుకోక రెండేళ్ళయింది. ఈ క్రిస్మస్‌కి అక్క దగ్గరికి వెళ్తానని తనే అన్నాడు. ఆ వాసన తగిలితే ఏమవుతుందో నాకు తెలియదు, ఆయనకీ తెలియదు."

"అదేం పెద్ద కోరికే. కస్టర్డే కాస్తాలే, పో," అంది వెర్నా. ఆ క్షణంలో ఆ మాట నిజంగానే అంది.

హోబర్ట్ వడ్రంగి. అతను బిగించిన తలుపు చప్పుడు లేకుండా పడేది. తాగితే మాత్రం ఆ చప్పుడు ఊరంతా వినిపించేది. అతన్ని రోడ్డు పక్క గుంటలోంచి లేపి తీసుకెళ్ళిన రాత్రుల్లో షెరీఫ్ ఫోన్ చేస్తే, ఐలీన్‌కి ఆ లైను కలిపింది వెర్నా చేతులే. కలిపి, ఏమీ విననట్టు కూర్చునేది. ఆ తలవంపు రెండేళ్ళయినా ఆవిడకి పోలేదు.

మర్నాటి నుంచి ఎక్స్‌ఛేంజిలో ఒకటే గొడవ. నంబరు అడిగే ముందు ప్రతివాళ్ళూ, "వెర్నా, ఈసారి ఎలా కుదిరింది?" అని అడిగేవాళ్ళు. కస్టర్డ్ అంటే ఎందుకని అడుగుతారు. ఎందుకో చెబితే, ఓహో హోబర్టా, అని నాలిక చప్పరిస్తారు. అందుకని "వచ్చి చూసుకోండి" అనేది. తమ్ముడి పరువు కోసమే దాస్తున్నానని తనకి తాను చెప్పుకుంది. ఇంతా చేసి ఆవిడ భయమల్లా, కస్టర్డ్ అంటే ఈ ఏడు తన గుమ్మం ఎవరూ తొక్కరేమోనని. రెండు డజన్ల గుడ్లు, ఒక సీసా విస్కీ పారబొయ్యడానికి చెయ్యి కూడా రాలేదు.

కాబట్టి రెండూ చేసింది. ముందుగదిలో, బల్ల మీద, అమ్మ వాడిన గాజు గిన్నె నిండా కస్టర్డ్. దాని చుట్టూ పన్నెండు చిన్న కప్పులు. వెనక వరండాలో, గుడ్డ కప్పిన జాడీలో ఎగ్‌నాగ్. హోబర్ట్ ఒక్కడే ముందుగా వచ్చాడు. ఐలీన్ ఆసుపత్రిలో డ్యూటీ దిగి నాలుగున్నరకి వస్తుంది. అతను తల దువ్వుకుని, కొత్త చొక్కా వేసుకుని, గిన్నె పక్క కుర్చీలో కూర్చున్నాడు.

మూడింటికి జనం వచ్చారు. వరండాలో జాడీ ఉందని వెర్నా గుసగుసగా చెప్పింది దాణా కొట్టు ఓటిస్ ఒక్కడికే. చాలదూ. పావుగంటలో ముందుగది పల్చబడింది. ఒకాయన మంచినీళ్ళు తాగొస్తానన్నాడు. ఒకావిడ వంటింట్లో సాయం చేస్తానంది. పాస్టరు గారు కుక్కని చూసొస్తానని లేచారు. వెర్నా ఇంట్లో కుక్క లేదు.

వరండాలో చలికి అందరూ ఒకరినొకరు ఆనుకుని తాగుతున్నారు. అంత బాగా ఎప్పుడూ కుదరలేదు. వెర్నా కూడా ఒక కప్పు తాగింది, ఆ పొగడ్తలకి మొహం వెలిగిపోతూ ఇంకో కప్పు తాగింది.

"వెర్నా, ముందుగదిలో ఆ పాలనీళ్ళేమిటి?" అన్నాడు ఓటిస్.

"అది హోబర్ట్‌కి. మెల్లిగా మాట్లాడు."

"ఓహో. పిల్లాణ్ణి పాలసీసాతో కూర్చోబెట్టొచ్చావన్నమాట. జోల కూడా పాడొచ్చావా?"

అందరూ ఘొల్లుమన్నారు. వెర్నా కూడా నవ్వింది. నవ్వాలని నవ్వలేదు, అందరితో పాటు వచ్చేసింది. కానీ అందరికంటే గట్టిగా వచ్చింది.

అప్పుడు చూసింది తలుపు. పూర్తిగా పడలేదు, జానెడు సందుంది.

ఆవిడ ముందుగదిలోకి వెళ్ళేసరికి హోబర్ట్ అదే కుర్చీలో ఉన్నాడు, ఇంకెవరూ లేరు. గాజు గిన్నెలో కస్టర్డ్ దాదాపు అయిపోయింది. వాడిన కప్పులు గదంతా ఉన్నాయి. పియానో మీద రెండు, కిటికీ గూట్లో మూడు, సోఫా పక్కన కింద ఒకటి, ఇంకా అక్కడక్కడా. జనం కబుర్లలో పడి మర్చిపోయి వదిలేసినట్టే ఉన్నాయి. పన్నెండో కప్పు హోబర్ట్ చేతిలో ఉంది. అతని నుదుటి మీద చెమట.

"ఏమిట్రా ఇది?"

"ఐలీన్ వచ్చే వేళయింది. గిన్నె నిండుగా కనిపిస్తే నిన్నేమనుకుంటుంది?"

వెర్నా గిన్నెలోకి తొంగిచూసింది.

"ఆ వెనక తలుపు సరిగ్గా పడటంలేదక్కా," అన్నాడు అతను, కప్పులోకి చూస్తూ. "వచ్చే వారం వచ్చి బాగుచేస్తాను." నుదురు తుడుచుకుని, "ఆ సందులోంచి వచ్చే వాసన నాన్న చేసినట్టే ఉంది. కుర్చీలోంచి లేవకుండా ఉండాలంటే చేతిలో ఏదో ఒకటి ఉండాలిగా. ఇది ఉంది కాబట్టి సరిపోయింది," అన్నాడు.

ఆవిడ ఆ కప్పు అందుకోబోయింది. అతను ఇవ్వలేదు. మిగిలింది కూడా చేదు మాత్ర మింగినట్టు మింగి, కప్పు తలుపు పక్క స్టూలు మీద పెట్టాడు. జరిగింది ఐలీన్‌తో చెప్పేస్తానని వెర్నా అనుకుంది. మనసారా అనుకుంది కూడా.

వరండాలో జనం పెరటి దారినే ఇళ్ళకి వెళ్ళిపోయాక, గుమ్మంలో మంచు దులుపుకుంటూ ఐలీన్ వచ్చింది. గిన్నె చూసింది, గదిలో కప్పులన్నీ చూసింది. ఆ అలసిన మొహం విప్పారింది.

"వదినా, అందరూ కస్టర్డే తాగారే."

"మా అక్క చేసింది ఎవరైనా వదులుతారా," అన్నాడు హోబర్ట్.

"నేను అనవసరంగా భయపడ్డాను వదినా. మీరు మాటిస్తే మాటే," అంటూ ఐలీన్ రెండు చేతులూ చాపి దగ్గరికొచ్చి ఆవిడని కౌగిలించుకుంది.

వెర్నా మొహం పక్కకి తిప్పుకుని, ఊపిరి బిగబట్టి నిలబడింది. సిగ్గుతో చెవులు మండిపోతున్నాయి. ఐలీన్ తొందరగా వదల్లేదు. హోబర్ట్ వాళ్ళవైపు చూడకుండా, ఖాళీ కప్పులు ఒక్కొక్కటీ ఏరసాగాడు.